ఇంటర్వ్యూకు వెళ్లు మన బిడ్డలకు
(యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగము)



ఈ శతవార్షికోత్సవ సంవత్సరమున యౌవనుల కూడికలో ఏ విషయము మాట్లాడవలెనని కార్యదర్శిని అడిగితే, "అయ్యగారూ, వాక్యము ప్రతి ఆదివారము వింటూనే ఉన్నాము. ఈసారి ఇంటర్వ్యూ గురించి చెప్పండి" అన్నాడు. మొదట మాకు నవ్వు వచ్చినది. ఆలోచించగా అతడు అడిగినదే సరియైనదని తోచినది. మన సంఘములో డిగ్రీ, నర్సింగు, బి.ఎడ్., ఇంజనీరింగు ముగించిన వారిలో అనేకులు తమ వంశములో మొట్టమొదట ఉద్యోగపు గది తలుపు తట్టుచున్నవారు. వారి తండ్రి ఇంటర్వ్యూ ఎరుగడు. తాత కచేరీ మెట్లు ఎక్కి ఎరుగడు. ఇంటిలో చెప్పువారు లేనప్పుడు సంఘము చెప్పవద్దా?

ఇంటర్వ్యూలు తీసివేసినారు కదా అని కొందరనవచ్చును. కొంత నిజమే. 2016 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వములో గ్రూపు-సి, గ్రూపు-డి ఉద్యోగములకును, గెజిటెడు కాని గ్రూపు-బి ఉద్యోగములకును ఇంటర్వ్యూ లేదు. సిఫారసులకు, లంచములకు ఆ గది ద్వారమగుచున్నదని దానిని మూసినారు. మంచి పనియే. అయితే సివిల్ సర్వీసు పరీక్షలో మొత్తము 2025 మార్కులలో 275 నేటికిని ఇంటర్వ్యూకే ఉన్నవి. ప్రైవేటు బడులు, ఆసుపత్రులు, కంపెనీలు, దుకాణములు సరేసరి. మన బిడ్డలలో ఎక్కువమంది వెళ్లునది అక్కడికే.

మొదట కొన్ని నవ్వు పుట్టించు సంగతులు చెప్పుకొందాము. ఇవన్నియు మన యెరుకలో జరిగినవే. పేర్లు చెప్పము. వారిలో ఇద్దరు ముందు వరుసలోనే కూర్చుండి మా వంక భయముగా చూచుచున్నారు.

ఒకతడు సర్టిఫికెట్ల కవరు పట్టుకొని తెల్లవారుజామున బస్సెక్కినాడు. అధికారి ముందు విప్పితే అందులో ఉన్నవి తమ్ముని మార్కుల జాబితాలు. రెండు కవర్లు ఒకే రంగువి, ఒకే ట్రంకు పెట్టెలో ఉన్నవి. మరియొకతడు గదిలో అడుగు పెట్టగానే అలవాటు చొప్పున "ప్రైజ్ ది లార్డ్ సార్" అన్నాడు. ఆ పెద్దమనిషి మంచివాడు గనుక నవ్వి "కూర్చో నాయనా" అన్నాడు. ఆ నవ్వు చూచి ఇతడు చెప్పవలసినదంతయు మరచినాడు. నమస్కారమండీ అంటే చాలును, దేవుడేమియు అనుకొనడు. ఇక ఒక ఇంటిలో సాగనంపు ప్రార్థన ఒక పెద్దాయన చేసినారు. ఆదాము మొదలుకొని ప్రవక్తల వరకు వచ్చుసరికి ఎనిమిది గంటల బస్సు వెళ్లిపోయినది. పెద్దలకు మా మనవి ఏమనగా, దీర్ఘ ప్రార్థన ముందటి రాత్రి చేయండి. నెహెమ్యా అయితే, ఏమి కావలెనని అర్తహషస్త రాజు అడిగిన ప్రశ్నకును తాను చెప్పిన బదులుకును నడుమనే ప్రార్థించినాడు. అది ఎంత చిన్న ప్రార్థనయో ఊహించుకొనండి. అయితే అంతకు ముందు దాదాపు నాలుగు నెలలు ఉపవాసముతో ప్రార్థించుచు, తనకేమి కావలెనో యోచించుకొనియున్నాడు. అందుకే అడిగిన వెంటనే ఎంతకాలము పట్టునో, ఏ అధికారులకు ఉత్తరములు కావలెనో, అడవి కాపరి యొద్దనుండి మ్రానులు ఎందుకు కావలెనో వరుసగా చెప్పగలిగినాడు.

ఇప్పుడు నవ్వు లేని సంగతి ఒకటి.

మేము ఒక పాఠశాల నియామక సంఘములో సభ్యులముగా కొంతకాలము కూర్చుంటిమి. ఒక దినమున ఒక యౌవనుడు వచ్చినాడు. లెక్కలలో మంచి మార్కులు. బూట్లు ఎవరివో, కాలికంటె పెద్దవి. గడప దాటునప్పుడు ఒకటి వెనుకనే ఉండిపోయినది. తీసికొని తొడుగుకొన్నాడు, మేమెవ్వరము నవ్వలేదు. మీ ఊరేది అని తెలుగులోనే అడిగినారు. అతడు కంఠస్థము చేసిన ఇంగ్లీషు పాఠము మొదలుపెట్టినాడు. నడుమ ఆపి మరొక ప్రశ్న అడిగితే మరల మొదటి వాక్యము నుండి అందుకొన్నాడు. టేపురికార్డరు వెనుకకు తిప్పినట్లున్నది. మీ నాన్నగారు ఏమి చేయుదురు అని అడిగితే, "అగ్రికల్చర్ బిజినెస్" అన్నాడు.

సంఘ సభ్యులలో ఒకరు స్వయముగా సేద్యము చేయించువారు. ఆయన సంతోషపడి, ఏ రకము వరి వేసినారు, ఎకరమునకు ఎన్ని బస్తాలైనవి, నాట్ల కూలి ఎంత పడుచున్నదని వరుసగా అడిగినారు. అబ్బాయి మొగము పాలిపోయినది. ఒక్కదానికిని బదులు లేదు. చెప్పితే గుట్టు బయటపడునని భయము. వాని తండ్రి కూలివాడు. తరువాత తెలిసిన దేమనగా, ప్రతి సెలవులలోను ఈ అబ్బాయియే తండ్రితో కూడ నూర్పిళ్లకు వెళ్లి 75 కిలోల బస్తాలు మోసినాడు. ఎకరమునకు ఎన్ని బస్తాలో వాని భుజములకు తెలియును. కూలి ఎంతయో ఆ పెద్దమనిషికంటె వానికే బాగుగా తెలియును. తనకు బాగుగా తెలిసిన సంగతియే వాడు దాచుకొని కూర్చుండినాడు. ఆ తండ్రి అన్నపు గిన్నె పట్టుకొని బయట వేపచెట్టు క్రిందనే ఉన్నాడు.

ఆ ఉద్యోగము మరొకరికి వెళ్లినది. మా చేతిలో ఒక్క మార్కే ఉన్నది, అది చాలలేదు.

దావీదు కథను మనము యుద్ధపు కథగానే చెప్పుకొనుచుందుము. దానిలో ఒక ఇంటర్వ్యూ ఉన్నది, చూచినారా? నీవు బాలుడవు, వాడు యోధుడు, నీవెట్లు పోరాడగలవన్న భావముతో సౌలు రాజు ప్రశ్నించినాడు. దావీదు తన తండ్రి గొఱ్ఱెల సంగతి చెప్పినాడు. సింహము వచ్చినప్పుడు, ఎలుగుబంటి వచ్చినప్పుడు తానేమి చేసెనో చెప్పినాడు. రాజు ఎదుట గొఱ్ఱెల మాట ఎత్తుటకు సిగ్గుపడలేదు. అదియే వాని అనుభవపు సర్టిఫికెటు. తరువాత రాజు తన కవచమును వానికి తొడిగించినాడు. దావీదు నడచి చూచి, అలవాటు లేదని విప్పివేసినాడు. ఎరువు తెచ్చుకొన్న బూట్లు, ఎరువు తెచ్చుకొన్న ఇంగ్లీషు, ఎరువు తెచ్చుకొన్న తండ్రి, మూడును ఆ కవచము వంటివే.

మాసిన బట్టలతో వెళ్లుమని మా అర్థము కాదు. యోసేపును చెరసాలనుండి త్వరపెట్టి పిలిపించినప్పుడు సహితము క్షౌరము చేయించుకొని, బట్టలు మార్చుకొనియే ఫరో ఎదుటికి వెళ్లినాడు. ఉతికి ఇస్త్రీ చేసిన సొంత చొక్కా, కాలికి సరిపోయిన చెప్పులు చాలును. ఇంగ్లీషు కావలసిన ఉద్యోగమునకు ఇంగ్లీషు నేర్చుకొనవలసినదే. నేర్చుకొనుట వేరు, పాఠము అప్పజెప్పుట వేరు.

భయము మాట. భయపడుట అవిశ్వాసమని కొందరు బిడ్డలను గద్దించుచున్నారు. అది న్యాయము కాదు. నెహెమ్యా మిగుల భయపడెనని అతని గ్రంథములోనే ఉన్నది. గుండె దడదడ కొట్టుకొనుట, నోరు ఎండిపోవుట, అరచేయి చెమర్చుట శరీరము తన్ను తాను సిద్ధపరచుకొను విధానము. ఎడ్రినలిన్ అను స్రావము రక్తములో కలియుటచేత అట్లగును. ఊపిరి పీల్చుటకంటె విడుచుట నిదానముగా, నాలుగైదు సార్లు చేసినచో కొంత సర్దుకొనును. ఒక గ్రుక్క నీళ్లు త్రాగండి. ప్రశ్న వినబడనిచో మరల అడగండి, ఎవరును కోపించరు.

మన సంఘపు ఆడబిడ్డ ఒకతె నర్సు ఉద్యోగమునకు ఒక ఆసుపత్రికి వెళ్లినది. 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటలలో ఎక్కవలెను, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడు గొట్టమైతే నిమిషమునకు ఎన్ని చుక్కలు పెట్టుదువని అడిగినారు. ఆమెకంటె ముందు వెళ్లినవారిలో కొందరు నోటికి వచ్చిన అంకె చెప్పి బయటకు వచ్చినారట. ఈమె చేతులు వణకుచుండగానే "ఒక కాగితము ఇప్పించండి" అన్నది. 500ను 20తో హెచ్చించి, 240 నిమిషములతో భాగించి, సుమారు 42 అని చెప్పినది. తరువాత ఏదో క్రొత్త యంత్రము పేరు చెప్పి వాడినావా అని అడిగితే, "చూడలేదండీ, చూపితే నేర్చుకొందును" అన్నది. ఉద్యోగము వచ్చినది. ఆ కాగితము అడిగినందుకే తీసికొన్నామని అక్కడి పెద్ద నర్సమ్మ తరువాత ఆమెతో అన్నారట. రోగి ప్రాణము చేతిలో ఉన్నప్పుడు ఊహించి చెప్పువారు ఎవరికి కావలెను?

జీతమెంత కావలెనని అడిగినప్పుడు "మీ దయ" అనకండి. ఆ ఊరిలో ఆ పనికి ఎంత ఇచ్చుచున్నారో ముందే విచారించుకొని వెళ్లండి. పనివాడు తన జీతమునకు పాత్రుడని మనము నేర్చుకొన్నదే.

ఇక పెద్దలు వినవలసిన సంగతి. చెప్పుట కష్టమే గాని చెప్పకపోతే ఈ ప్రసంగము సగమే.

మన బిడ్డలలో పలువురికి రెండు పేర్లున్నవి. బడి రిజిస్టరులో ఒకటి, బాప్తిస్మపు పుస్తకములో ఒకటి. దీనికి కారణము మీకందరికిని తెలియును. షెడ్యూల్డు కులములకు సంబంధించిన 1950 నాటి ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులను చేర్చలేదు. మన తెలుగు రాష్ట్రములలో ఆ కులములనుండి క్రైస్తవులైన వారికి బి.సి.-సి వర్గమున ఒక శాతము రిజర్వేషను ఉన్నది, అంతే. గుడికి వచ్చినంత మాత్రమున ఊరిలో వాడ మారలేదు, అవమానము తగ్గలేదు, అయినను కాగితము మీద అంతయు మారిపోయినదన్నట్లు చూచుట అన్యాయమని మా అభిప్రాయము. దాని కొరకు సభలు చేయవచ్చును, అర్జీలు పెట్టవచ్చును, న్యాయస్థానమునకు వెళ్లవచ్చును. పెద్దలు చేయవలసిన పని అది.

కాని ఆ భారమును ఇరువది రెండేండ్ల బిడ్డ నెత్తిన పెట్టి ఆ గదిలోనికి పంపుచున్నాము. మీరు క్రైస్తవులా అని ఎవరైన అడుగుదురేమో యని ఒక అమ్మాయి మెడలోని సిలువను తీసి చేతిసంచిలో దాచుకొని వెళ్లినది. వారు అడిగినది కంప్యూటరు గురించి. ఆమె మనస్సు మాత్రము ఆ అరగంటయు సంచి మీదనే ఉన్నది. ఈ సంగతి ఆమె మాతో చెప్పి ఏడ్చినప్పుడు ఆమెను ఒక్క మాటయు అనలేకపోతిమి. ఆమెను ఆ స్థితికి తెచ్చినవారము ఇంటిలోను సంఘములోను ఉన్న పెద్దలమే గదా. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసము అనుసరించుచు రిజర్వేషను కొరకు మాత్రమే హిందువునని చెప్పుట చెల్లదని తీర్పు చెప్పినది. కాబట్టి ఏ పేరుతో, ఏ సర్టిఫికెటుతో బిడ్డ బ్రతుకవలెనో పదవ తరగతి ఫారము నింపకముందే తల్లిదండ్రులు కూర్చుండి తేల్చుకొనండి. ఒకే పేరు, ఒకే కథ. రెండు పేర్లు ఇప్పటికే ఉన్నవారు రెండింటిని గూర్చి అడిగినచో ఉన్నది ఉన్నట్లు చెప్పండి, సంబంధించిన కాగితములు దగ్గర ఉంచుకొనండి.

డబ్బు కట్టినచో ఇంటర్వ్యూ లేకుండ ఉద్యోగమనువారిని నమ్మకండి. గల్ఫునకు పంపెదమను ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము క్రింద నమోదైనవాడో కాడో అడిగి, చూచి, ఆ తరువాతనే పాస్‌పోర్టు చేతికియ్యండి. అమ్మగారి పుస్తెలు తాకట్టు పెట్టిన తరువాత మా యొద్దకు వచ్చినచో ప్రార్థన చేయగలము గాని పుస్తెలు తేలేము.

కాండక్టు సర్టిఫికెట్ల కొరకు మా గుమ్మము త్రొక్కువారున్నారు. సంతోషమే. మేము చూచినదే వ్రాయుదుము. సండే స్కూలులో పాఠము చెప్పిన పిల్ల అయితే చెప్పినదని, ఏటి వరదలలో సంఘము తరపున బియ్యము మోసిన పిల్లవాడైతే మోసినాడని వ్రాయుదుము. పది సంవత్సరములు గుడి ముఖము చూడనివానిని గూర్చి క్రమముగా వచ్చువాడని వ్రాయుమని వాని మేనమామ అడిగినాడు. వ్రాయలేదు. ఆయన ఇప్పటికిని మాతో సరిగా మాట్లాడుట లేదు.

వచ్చు నెల మొదలుకొని ప్రతి రెండవ శనివారము సాయంకాలము ఐదు గంటలకు మన హాలులో మాదిరి ఇంటర్వ్యూలు జరిపెదము. విశ్రాంతి తీసికొన్న హెడ్మాస్టరుగారు, మన నర్సమ్మగారు, బ్యాంకులో పనిచేయు మన సోదరుడు బల్ల వెనుక కూర్చుండుటకు ఒప్పుకొన్నారు. ప్రశ్నలు తెలుగులో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని ఉండును. తండ్రి పని గురించి తప్పక అడుగుదురు. తల్లిదండ్రులు కూడ రావచ్చును, బయట చెట్టు క్రింద కాదు, లోపల బెంచీల మీద కూర్చుండవలెను. పేర్లు ఈ ఆదివారము ఆరాధన తరువాత కార్యదర్శికి ఇయ్యండి. సర్టిఫికెట్లు తెచ్చుకొనునప్పుడు కవరు ఒకసారి విప్పి చూచుకొనండి.