నాయన ఏం చేస్తాడని అడిగితే

(సమాఖ్య వార్షికోత్సవం సందర్భంగా జరిగిన విద్యార్థుల సభలో సూళగిరి చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమన్నప్పుడు నేను ఒప్పుకోలేదు. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఆ పైన చదివిందంతా మగ్గం కాడే. ఉద్యోగాల గురించి, ఇంటర్వ్యూల గురించి చెప్పేదానికి కాలేజీ మాస్టర్లు ఉండారు కదా అన్నాను. దానికి అధ్యక్షుల వారు, "మీరు బల్లకు ఆ పక్క కూడా కూర్చున్నారు కదా, అది చెప్పండి చాలు" అన్నారు. అది నిజమే. అదే చెప్తాను.

రెండేండ్ల కింద మా సంఘానికి కంప్యూటర్ పని చూసే మనిషి కావలసి వచ్చింది. పదకొండు మంది వచ్చినారు. అందరూ డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్ళు. అడిగేవాడు ఎనిమిదో తరగతి. వాళ్ళకంటే నాకే ఎక్కువ చెమట పట్టింది. ఏమి అడగాలో తెలియక ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడిగినాను. "మీ ఇంట్లో నాయన ఏం చేస్తాడు?"

ఆ పదకొండు మందిలో ఏడుగురు మన నేతకుటుంబాల పిల్లలే. వాళ్ళ నాయనలు నాకు తెలుసు. మా సంఘంలోనే పట్టు, జరీ తీసుకొని చీర నేసి తెచ్చి ఇచ్చేవాళ్ళు. అయినా ఒకడు "బిజినెస్ సార్" అన్నాడు. ఒకడు "ప్రైవేటు" అన్నాడు. ఒక అమ్మణ్ణి తల వంచుకొని "కూలి" అనింది. ఎదురుగా కూర్చున్నది చేనేత సంఘం కార్యదర్శి, గోడ మీద ఉన్నది చీర ఫోటో. అక్కడ కూడా మగ్గం అని చెప్పలేకపోయినారంటే, వేరే కంపెనీలో ఏం చెప్తారు?

నేను ఆ పిల్లలను తప్పు పట్టడం లేదు. ఎందుకంటే మా ఇంట్లో ఆ మాట నేర్పినవాణ్ణి నేనే.

మా చిన్నోడు మెకానికల్ డిప్లొమా చదివినాడు. ఒక కంపెనీకి దరఖాస్తు రాస్తూ, తండ్రి వృత్తి అనే గడి కాడ పెన్ను ఆపి, "నాయనా, ఇక్కడ ఏం రాయాలి?" అని అడిగినాడు. నేను మగ్గంలో కూర్చొనే ఉండాను. కాళ్ళు తొక్కుడు మీదే ఉన్నాయి. "బిజినెస్ అని రాయి. మగ్గం అని రాస్తే లోకువ చేస్తారు" అన్నాను. వాడు రాసినాడు.

ఇంటర్వ్యూలో ఏం బిజినెస్ అని అడిగినారంట. బట్టల బిజినెస్ అన్నాడు. అంగడి ఎక్కడ అన్నారు. అంగడి లేదన్నాడు. హోల్‌సేలా అన్నారు. వీడికి ఏం చెప్పాలో తోచలేదు. అబద్ధం చెప్పే అలవాటు లేని పిల్లోడు. ఇంటి కాడ బట్టీ పట్టి పోయిన ఇంగ్లీషు కూడా ఆ కంగారులో మరిచిపోయినాడు. ఇంటికి వచ్చి రెండు దినాలు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో దినం కండెలు పోస్తా పోస్తా నా తట్టు చూడకుండా, "నువ్వు రాయమన్నదే రాసినాను నాయనా" అన్నాడు.

అంతే అన్నాడు. ఇప్పుడు వాడు వేరే చోట బాగానే ఉండాడు, ఇద్దరు పిల్లలు. కానీ ఆ మాట నన్ను విడిచిపెట్టలేదు. ఈ సభకు నేను వచ్చింది కూడా దాని కోసమే.

పిల్లలారా, మగ్గంలో ఏముందో ఒకసారి చూడండి. పట్టుచీర పడుగులో వేల పోగులు ఉంటాయి. ఒక్క పోగు తెగితే మీ అమ్మకు కన్ను పోయి దాని మీదే పడుతుంది. పన్నెలో అది ఏ సందులోనిదో వెతికి, అచ్చులో దూర్చి, ముడి కనపడకుండా అతుకుతుంది. కంపెనీలో ఇదే పనికి క్వాలిటీ అని పేరు పెట్టి జీతం ఇస్తారు. చీర ఎత్తుకు ఎంత పట్టు పోతుంది, జరీ ఎన్ని గ్రాములు, తరుగు ఎంత, కూలి ఎంత అని మీ నాయన నోటితోనే లెక్క కడతాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇదే లెక్కను కంప్యూటర్లో గడులు గీసి కడతారు.

జాకార్డు మగ్గం పైన వేలాడే అట్టలు చూసినారు కదా. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, చిల్లు లేకుంటే లేవదు. ఫ్రాన్సు దేశంలో జాకార్డ్ అనే ఆయన 1804లో ఆ పద్ధతి తెచ్చినాడు. తరువాత ఇంగ్లండులో బాబేజ్ అనే ఆయన లెక్కలు చేసే యంత్రానికి ఆ చిల్లుల అట్టలనే వాడుకోవాలని ఆలోచన చేసినాడు. ఆయననే కంప్యూటర్లకు తాత అంటారు. అంటే మన ఇంటి అటక మీద దుమ్ము పట్టి ఉన్న అట్టలు కంప్యూటర్‌కు చుట్టాలు. కంప్యూటర్ డిగ్రీ చదివిన మన పిల్లోడు అది చెప్పకుండా, ఎవరో రాసిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు చెప్తాడు.

తెలంగాణలో చింతకింది మల్లేశం గారి పేరు వినే ఉంటారు. ఆయన మీద సినిమా కూడా వచ్చింది. వాళ్ళ అమ్మ ఆసు పోసేదానికి ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడించాల్సి వచ్చేది. భుజం నొప్పి. ఆ నొప్పి చూసి ఆయన ఆసు యంత్రం చేసినాడు, దానికి అమ్మ పేరే పెట్టినాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చినారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి. అమ్మ ఏం పని చేస్తుందో దాచిపెట్టి ఉంటే ఆ యంత్రం గురించి ఎవరికి ఏమని చెప్పగలిగేవాడు?

కాబట్టి నాయన ఏం చేస్తాడని అడిగితే ఇట్ల చెప్పండి. "మా నాయన చేనేత పని చేస్తాడు. ఇంట్లో జాకార్డు మగ్గం ఉంది. బడి నుంచి వచ్చినాక నేను కండెలు పోస్తాను, తెగిన పోగులు అతుకుతాను. ఒక పోగు తప్పితే చీర పొడుగునా గీత కనపడుతుంది, అందుకని తప్పును మొదట్లోనే పట్టుకునే అలవాటు నాకు ఉంది." నాలుగు వాక్యాలు. వాటిని మీ మాటల్లో ఇంగ్లీషులోకి తెచ్చుకోండి, మాస్టరుకు చూపించండి, ఇంట్లో గట్టిగా చెప్పి చూడండి. కానీ చేసింది మాత్రమే చెప్పండి. దాని మీద ఇంకో ప్రశ్న వస్తుంది. మగ్గం ముట్టని పిల్లలు, "నన్ను చదివించాలని మా వాళ్ళు మగ్గం దగ్గరికి రానీయలేదు" అంటే అది కూడా నిజమే, అదీ మంచి జవాబే.

మా సంఘానికి వచ్చిన ఆ ఏడుగురిలో ఒక్క అమ్మణ్ణి మాత్రం "మా అమ్మా నాయనా ఇద్దరూ మగ్గం నేస్తారు, అమ్మ కూలి లెక్క నేనే రాస్తాను" అని సూటిగా చెప్పింది. ఆ పిల్లనే తీసుకొన్నాము. ఎనిమిది నెలలు పని చేసి హోసూరు దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీకి పోయింది. మాకు మళ్ళా మనిషిని వెతుక్కునే పని పడింది, అది వేరే కష్టం.

ఇంక భాష సంగతి. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బస్సులో కన్నడ, ఫారంలో ఇంగ్లీషు. వినేదానికి నాలుగు భాషలు, రాసేదానికి ఒకటీ పూర్తిగా రాదు. 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ఒక్కో తరగతే పెరుగుతూ 2016కు పదో తరగతి పరీక్ష దాకా వచ్చింది. తెలుగు బడుల పిల్లలు ఎంత అవస్థ పడినారో ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు తెలుసు. ఆ బాధ ఒక పక్క ఉండనీండి. గ్రూప్ 4 పరీక్షలో తమిళానికి 150 మార్కులు, అందులో 60 రాకపోతే మిగతా పేపరు దిద్దరు. మొత్తం పరీక్ష 300. అంటే సగం తమిళమే. పదో తరగతి పాసైతే రాయగలిగిన సర్కారు పరీక్ష అది. రోజూ పావుగంట తమిళ పేపరు పైకి చదవండి. మగ్గం చప్పుడులో మీ గొంతు మీకే వినపడేట్టు చదవండి. నోరు తిరుగుతుంది.

తమిళం నేర్చుకోమన్నానని తెలుగు వదలమని కాదు. నా దగ్గరికి వచ్చిన దరఖాస్తుల్లో, తెలిసిన భాషలు అనే కాడ మన పిల్లలు తమిళం, ఇంగ్లీషు అని రాసి ఆపేసినారు. తెలుగు రాయలేదు, కన్నడ రాయలేదు. హోసూరు ఫ్యాక్టరీలో ఒకే వరసలో చిత్తూరు మనిషి, ఆనేకల్ మనిషి, ధర్మపురి మనిషి నిలబడి పని చేస్తారు. ముగ్గురితోనూ మాట్లాడగలిగినవాడు సూపర్‌వైజరుకు ఎంత అవసరమో ఆలోచించండి. చదవడం రాయడం రాకపోతే, మాట్లాడగలను అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాకపోతే తల ఊపవద్దు. ఇంకోసారి చెప్పండి సార్ అని ఇంగ్లీషులోనే అడిగే ఒక్క వాక్యం నేర్చుకోండి. కంపెనీ నుంచి ఫోను వస్తే మగ్గాల మధ్య నుంచి బయటికి వచ్చి ఎత్తండి. "ఆఁ, ఎవురూ?" అని అరవకండి. (మా ఇంట్లో ఇప్పటికీ నేను అట్లే అరుస్తాను, అది వేరే సంగతి.)

అన్నిటికంటే ఎక్కువ మంది దెబ్బ తినేది కాగితాల కాడ. తమిళనాడులో పేరు ముందర తండ్రి పేరులోని మొదటి అక్షరం పెడతారు. మనకు ఇంటిపేరు ఉంది. బడిలో చేర్చిన తాత ఇంటిపేరు అక్షరం చెప్తాడు, ఆధార్ తీసినప్పుడు నాయన తన పేరు అక్షరం చెప్తాడు, జాతి సర్టిఫికెట్లో రెండూ వేస్తారు. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు. ఉద్యోగం వచ్చినాక సర్టిఫికెట్లు సరిచూసే రోజు ఇది బయటపడుతుంది. పదో తరగతి పరీక్షకు బడిలో పేర్ల జాబితా పంపిస్తారు చూడండి, తల్లిదండ్రులారా, ఆ రోజు మీరే పోయి మీ కళ్ళతో పేరు, అక్షరం, పుట్టిన తేదీ చూసి రండి. మార్కుల పట్టీలో ఒకసారి పడినాక దిద్దించడం అంటే చెప్పులు అరగాలి. చదవడం రాకపోతే నన్ను పిలవండి, నేను వస్తాను.

మీ ఇంట్లో ఎవరూ డిగ్రీ చదవకుండా ఉంటే ముదల్ పట్టదారి సర్టిఫికెట్ తీసుకోండి, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ట్యూషన్ ఫీజు రాయితీ ఉంది. సర్కారు బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన పిల్లలకు ఇంజనీరింగులో, డాక్టరు చదువులో 7.5 శాతం సీట్లు వేరుగా ఉన్నాయి. అట్ల చదివిన ఆడపిల్లలు పై చదువుకు పోతే పుదుమై పెణ్ కింద, మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ కింద నెలకు 1000 రూపాయలు. మన వృత్తినే చదువుగా చదవాలంటే సేలంలో 1960 నుంచి చేనేత సాంకేతిక సంస్థ ఉంది, పది పాసైనవాళ్ళకు మూడేండ్ల డిప్లొమా. ఈ వివరాలు మా సంఘం బోర్డు మీద అంటించినాము.

ఈ తట్టు ఉద్యోగాలకు కొదవ లేదు. హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ నా వయసుకాలంలో వచ్చినాయి. ఇప్పుడు టాటా ఎలక్ట్రానిక్స్ వచ్చింది, పోచంపల్లిలో ఓలా స్కూటర్లు వచ్చినాయి. చేనేత పోచంపల్లి తెలంగాణలో, స్కూటర్ల పోచంపల్లి మన జిల్లాలో, ఎట్ల కుదిరిందో చూడండి. కొదవ ఉన్నది అడిగే నోటికి. ఉద్యోగం ఇస్తామన్నప్పుడు మీరు కూడా అడగండి. కంపెనీ రోల్ మీదనా, కాంట్రాక్టరు కిందనా, అప్రెంటిసా? పీఎఫ్, ఈఎస్ఐ ఉందా? చేతికి ఎంత వస్తుంది? బాండు రాయాలా? ఇది అడగడం మర్యాద తప్పడం కాదు. చీర నేసేముందు కూలి ఎంతని మనం అడగమా? అప్రెంటిస్ అయితే ఎన్నాళ్ళు, తరువాత ఏమి అని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఏజెంటు చేతికీ ఇవ్వకండి. ఉద్యోగానికి డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి. మా సంఘంలోనే ఇద్దరు సభ్యులు మగ్గం మీద అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టినారు. ఉద్యోగం రాలేదు, ఏజెంటు ఫోను ఎత్తడం లేదు, అప్పు ఇంకా కడతా ఉండారు.

పెద్దలకు ఒక మాట. పండగ ముందర చీర ఇవ్వాలని పరీక్ష రోజుల్లో పిల్లల్ని కండెలకు పిలుస్తాము. నేనూ పిలిచినాను. పిలవకండి అని చెప్పే ధైర్యం నాకు లేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి. కానీ పొద్దున్నే కరెంటు ఉండి మగ్గాలు లేవని ఆ రెండు గంటలు పిల్లలవని అనుకోండి. ఆ టైంలో నీళ్ళు తేవే, పాలు తేవే అని కూడా అనకండి. ఆడపిల్లలకు ఇది ఇంకా ఎక్కువ చెప్తున్నాను.

వచ్చే ఆదివారం నుంచి పొద్దున పది గంటలకు సంఘం ఆఫీసులో ఒక బల్ల, రెండు కుర్చీలు వేస్తాను. ఒక కుర్చీలో నేను కూర్చుంటాను, ఇంకో కుర్చీలో మీరు కూర్చోండి. మా చిన్నోడు కూడా సెలవు ఉన్న రోజు వచ్చి ఇంగ్లీషులో అడుగుతానన్నాడు. దరఖాస్తు తెచ్చుకోండి, సర్టిఫికెట్లు జిరాక్సులు చాలు, పేరు అక్షరాలు అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. టీ సంఘం ఖర్చు.