పనివారి మాట విన్న పరిశోధన

(శతవార్షికోత్సవముల సందర్భముగా యువజనుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన పిల్లల చదువులను గూర్చి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను కంప్యూటరు చదివినవాడను కాను. వేదాంత కళాశాలలో చదివి వచ్చినవాడను. అయితే ఈనాడు మన సంఘములో ఏ వీధికి వెళ్లినా సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేసే బిడ్డ ఒకరైనా కనబడుతున్నారు. వారి నోట ఎజైల్, స్ప్రింట్, స్టాండప్ అనే మాటలు వినగా వినగా, అవేమిటో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. చదివిన కొలదీ ఆ పద్ధతికంటె, దానిని పరిశోధించుటకే జీవితమును వెచ్చించిన అధ్యాపకుల వృత్తి నన్ను ఎక్కువగా ఆకర్షించినది. ఆ సంగతినే మనవి చేస్తాను.

ముందుగా పద్ధతి. దర్జీ ఒక్కసారి కొలతలు తీసుకొని ఏడాదికి చొక్కా ఇస్తే, ఈలోగా పిల్లవాడు ఎదిగిపోతాడు. మధ్యమధ్య తొడిగి చూడాలి, కుట్టు విప్పి సరిచేయాలి. పెద్ద పెద్ద ప్రోగ్రాములు వ్రాయడంలో కూడా ఇదే చిక్కు వచ్చినది. అందుచేత 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రములో, స్నోబర్డ్ అనే కొండ విడిదిలో 17 మంది నిపుణులు సమావేశమై ఒక చిన్న ప్రకటన వ్రాశారు. అందులో విలువలు 4, సూత్రములు 12. కొద్ది కొద్దిగా చేసి చూపించండి, వాడేవారితో కలిసి పనిచేయండి, మార్పు వస్తే భయపడకండి, పనిచేసే మనుషులను నమ్మండి అని దాని సారాంశము. దానికే ఎజైల్ అని పేరు.

ఆ పేరు దేశదేశములకు వ్యాపించినది. పుస్తకములు వచ్చాయి, శిక్షణలు వచ్చాయి, సలహాదారులు బయలుదేరారు. అయితే ఇది నిజముగా మేలు చేస్తున్నదా అని అడిగినవారు ఎందరు? నార్వే దేశపు పరిశోధకులు టోరె డిబో, టోర్గైర్ డింగ్సోయిర్ అనే ఇద్దరు 2008లో ఒక సమీక్ష ప్రచురించారు. వారి వెదుకులాటలో దొరికిన రచనలు 1996. వాటిలో ప్రత్యక్షముగా చూసి, ఆధారములతో చెప్పినవిగా తేలినవి 36 మాత్రమే. మాటలు కొండంత, ఆధారము గోరంత. విశ్వవిద్యాలయము వారికి ఇక్కడే పని ఉన్నది.

ఆ పని ఎలా చేస్తారు? ఇంగ్లాండులో ఓపెన్ యూనివర్సిటీకి చెందిన హెలెన్ షార్ప్, హ్యూ రాబిన్సన్ అనేవారు ఇలాటి బృందముల మధ్య కూర్చొని, వారు పనిచేసే తీరును గమనించారు. గోడకు అంటించిన చిన్న చిన్న కార్డులు కూడా ఆ పనిని ఎలా నడిపిస్తాయో వ్రాశారు. మనము దాటిపోయే చీటీముక్క వారికి పరిశోధనాంశమైనది.

మరొకరు రషీనా హోడా. ఈమె న్యూజిలాండులోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌లో ఈ విషయముపైనే పరిశోధించి 2011లో డాక్టరేటు పొందారు. తరువాత ఆక్లండ్‌లోను, ఆ పిమ్మట మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయములోను అధ్యాపకురాలైనారు. న్యూజిలాండు, భారతదేశములలో 23 సంస్థలకు చెందిన 58 మందిని కలిసి, వారి మాటలు విన్నారు. పైవాడు ఆజ్ఞాపించకుండా తమ పని తామే పంచుకునే బృందములో ఏమి జరుగుతుంది అన్నది ఆమె ప్రశ్న. బృందములో ఎవరూ నియమించకుండానే ఆరు పాత్రలు పుడతాయని ఆమె కనుగొన్నారు. కొత్తవారికి నేర్పేవారు ఒకరు. వాడకందారుతో పని కుదిర్చేవారు ఒకరు. వ్యాపారపు మాటను సాంకేతికుల మాటగా మార్చి చెప్పే దుబాసీ ఒకరు. పై అధికారుల యెదుట పద్ధతి తరఫున నిలిచేవారు ఒకరు. వాడకందారును ఒప్పించేవారు ఒకరు. ఆరవవాడు, బృందమునకు అడ్డుగా ఉన్న మనిషిని గుర్తించి, పై అధికారుల ద్వారా తొలగింపజేసేవాడు. అందమైన పద్ధతిలో ఈ కఠినమైన సంగతి కూడా ఉన్నది. ఆమె దానిని దాచలేదు.

మరొక సంగతి. కొన్ని బృందములకు వాడకందారుల సహకారము దొరకక, తాము ఎజైల్ పద్ధతిలో పనిచేస్తున్నామనే మాటనే వారికి తెలియనీయకుండా లోలోపల నడుపుకున్నాయట. ఇలాటి మాటలు ఎవరూ సభలో చెప్పరు. నమ్మిన మనిషికే చెబుతారు. గనుక ఆమె రచనలలో వారి పేర్లు ఉండవు, అంకెలు మాత్రమే ఉంటాయి. పేరు బయటపడితే ఉద్యోగమునకే ముప్పు రావచ్చు.

ఆమె అనుసరించిన పరిశోధన మార్గమును బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రౌస్ అనే అమెరికా సామాజిక శాస్త్రజ్ఞులు 1967లో ఒక గ్రంథముగా వెలువరించారు. ముందే సిద్ధాంతము పట్టుకొని వెళ్లరాదు. మనుషులు చెప్పినది వ్రాసుకొని, ఒకరి మాటను మరొకరి మాటతో పోల్చుతూ, అందులోనుండి సిద్ధాంతమును ఎదగనీయాలి. ఈ మార్గము పుట్టినది ఎక్కడో తెలుసునా? ఆసుపత్రులలో, మరణించబోయే రోగుల మధ్య. 1965లో వారు వ్రాసిన గ్రంథము ఆ విషయముపైనే. చావు దగ్గరపడినదని రోగికీ తెలుసు, వైద్యులకూ తెలుసు. అయినా ఇరువురూ తెలియనట్టే నటించే స్థితిని వారు అందులో వర్ణించారు. పడకల ప్రక్కన ఎన్నోమార్లు నిలిచిన నాకు ఆ నటన క్రొత్త కాదు.

ఆ నటన ఆఫీసులలో కూడా ఉన్నది. మన యువకుడు ఒకడు నాతో అన్నాడు, "అయ్యగారూ, ప్రతి ఉదయం పావుగంట నిలబడి మాట్లాడుకుంటాము. ఒకరికొకరు సాయపడాలని పెట్టిన పద్ధతి. కాని మేనేజరు వ్రాసుకుంటూ ఉంటారు. అందుకని అందరమూ అంతా బాగానే ఉన్నదంటాము. పని ఆగిపోయిందని అందరికీ తెలుసు." ఆ మాట చెప్పేటప్పుడు అతని కన్నులు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. పేరు ఒకటి, లోపల జరిగేది మరొకటి అయినప్పుడు మొదట నలిగేది ఇలాటి బిడ్డలే. ఈ పరిశోధన ఎవరికి కావాలి అంటే, వీరికి కావాలి.

అయితే ఇది సులువైన వృత్తి కాదు. పరిశ్రమ పరుగెత్తుతుంది, పరిశోధన నడుస్తుంది. సంస్థలు తలుపు తీయుటకు సందేహిస్తాయి. గంటసేపు విన్న మాటను అక్షరము విడువక వ్రాసుకొని, మళ్లీ మళ్లీ చదవడానికి రోజులు పడుతుంది. ఒక్కొక్క వ్యాసము వెలుగు చూచుటకు సంవత్సరములు గడుస్తాయి.

కావున తలిదండ్రులారా, ఇంజనీరింగు ముగించిన బిడ్డ వచ్చి, "నేను పరిశోధన చేస్తాను, పనివారు ఎలా పనిచేస్తారో చూస్తాను" అంటే, "అదేమి ఉద్యోగము?" అని చిన్నబుచ్చకండి. జీతమును గూర్చి అడగండి, తప్పులేదు. దానితోపాటు ఏమి తెలుసుకోగోరుతున్నావని కూడా అడగండి. యువజనులారా, మీ ఆఫీసుకు అట్టివారు వచ్చి, పేరు బయటపెట్టమని మాట ఇచ్చి అడిగితే, అంతా బాగానే ఉన్నదని చెప్పి పంపకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ తరువాత ఆ కుర్చీలో కూర్చునేవారికి అది మేలు చేయవచ్చును.