పెద్దల చదువు
(తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



జార్జి టౌనున మనము తరతరములుగా తెలుగు మాటలాడుచున్నాము. అయినను ఇంటికి వచ్చిన తెలుగు శుభలేఖను చదువలేనివారు మనలో పలువురు గలరు. బిడ్డ తెలుగు వాచకము తెచ్చి సందేహ మడిగినచో, "మీ పంతులమ్మ నడుగుము" అని తప్పించుకొనవలసి వచ్చుచున్నది. "ఈ వయస్సున మాకు చదువేమి వచ్చును?" అని వారందురు. ఈ మాటకే మేము నేడు బదులు చెప్పదలచితిమి.

1817లో సి. పి. బ్రౌను ఈ చెన్నపట్నమున అడుగిడునాటికి అతనికి పందొమ్మిదవ యేడు. తెలుగు అతని యింటిభాష కాదు. ఇచట నేర్వ మొదలిడి, 1820లో కడపకు ఉద్యోగియై పోయెను. అచట జనులతో తెలుగున వ్యవహరింపవలసి వచ్చుటచే నేర్చినదెల్ల వాడుకలో స్థిరపడెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించినవాడును, పిమ్మట నిఘంటువు కూర్చినవాడును అతడే.

మనకు పొరుగుననున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో, 1990 తరువాతి తొలి సంవత్సరములలో, అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు సారాయి కష్టములను గూర్చిన పాఠము చదివిరి. అందు తమ బ్రతుకే కానవచ్చుటచే ఊరి సారాయి దుకాణముపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమెల్ల వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను.

దీనినిబట్టి తెలియునదేమి? తన బ్రతుకునకు పనికివచ్చు చదువు పెద్దలకు త్వరగా పట్టువడును, వాడినకొలది నిలుచును. పైగా మనకు భాష ముందే వచ్చును. లిపి యొక్కటే కొరత. కావున ఓనమాలతో పాటు మీ పేరు, మీ వీధి పేరు, ఇంటి సరకుల పట్టీ వ్రాయుడు. అరవము చదువనేర్చినవారికి ఒక సంగతి: అచట ఒకే అక్షరము క, గ ధ్వనులు రెంటికిని చెల్లును, తెలుగున క, ఖ, గ, ఘ అని నాలుగు వేర్వేరు అక్షరములు. తడబాటు ముఖ్యముగా ఇచటను, ఒత్తులయందును కలుగును. ఆ రెంటిని ప్రత్యేకముగా సాధింపుడు.

ఆదివారమున రెండు గంటలు కూర్చుండుటకంటె దినమునకు పావుగంట మేలు. చదివినదానిని పుస్తకము మూసి జ్ఞప్తికి తెచ్చుకొనుడు; మరచినదానిని మరునాడు మరల చూడుడు. జ్ఞాపకశక్తిని గూర్చి 1885లో ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు ప్రకటించిన పరిశోధనలును, ఎడముంచి చదువుట మేలనియే తెలిపినవి.

బిడ్డయెదుట తప్పు చదువుటకు సిగ్గుపడకుడు. తండ్రి కూడబలుకుకొని చదువుచుండగా దిద్దు పిల్లవాడు తన పాఠమును మరువడు. ఇంట నెవ్వరును చదువని భాషను బడి యొక్కటే ఎంతకాలము నిలుపగలదు? నేటి రాత్రియే బిడ్డ వాచకమున మొదటి పుట తెరువుడని మా ప్రార్థన.