రెండు తెరలు, ఒక మీట



కంప్యూటరు మీటలను గూర్చిన ప్రసంగము పట్టణవాసులకే గాని పల్లెలోని పెద్దలకేల యని కొందఱు తలపవచ్చును. కాని మన పేరును, పుట్టిన తేదీయు, చిరునామాయు నేడు ఆ మీటల మూలముననే ప్రభుత్వపు లెక్కలలో చేరుచున్నవి. మొదటి ఆధారు సంఖ్య 2010వ సంవత్సరమున ఈయబడినది. ఆధారు నమోదు కేంద్రమునందు వ్రాయువాని కొక తెరయు, వ్రాయించుకొనువారు తమ వివరములను తామే చదివి సరిచూచుకొనుటకు వేఱొక తెరయు నుండవలెనని నియమము. మీటల పలక యొకటి, తెరలు రెండు. ఈ యేర్పాటునందు కలుగు చిక్కులను, వాని కారణములను, వానిని తొలగించు నుపాయములను నేడు మనవి చేసెదను.

ఒక పనికొఱకు తెరమీది పట్టికలను తెఱచి వెదకుటకు మాఱుగా, రెండు మూడు మీటలను ఒక్కసారిగా నొక్కి ఆ పనిని చేయించుటకు షార్ట్‌కట్ అని పేరు. వేగముగా పనిచేయువారి కిది గొప్ప సహాయము. కాని మీటకు సొంత బుద్ధి లేదు. అది వీథిలో వేసిన కేకవంటిది. ఒకే వీథిలో మువ్వురు రామయ్యలున్నప్పుడు "రామయ్యా!" యని పిలిచినచో ముందుగా విన్నవాడు పలుకును, తక్కిన యిద్దఱకు పిలుపు చేరనే చేరదు. కంప్యూటరులోను అట్లే. యంత్రము నంతటిని నడపు మూలవ్యవస్థ యొకటి, తెరపైకి చిత్రమును పంపు భాగమును నడపునది యొకటి, మనము పనిచేయుచున్న ప్రోగ్రాము ఒకటి — ఈ మూడును ఒకే మీటల కూర్పును తమ సొత్తుగా నెంచుకొనవచ్చును.

దీనికొక నిదర్శనము చెప్పెదను. కంట్రోల్, ఆల్ట్ అను రెండు మీటలతో ఎడమ బాణపు మీటను కలిపి నొక్కుట అను కూర్పు కలదు. ఉబుంటు వ్యవస్థయందు ఇది ఒక పనిచోటినుండి మఱియొక పనిచోటికి తీసికొనిపోవును. ప్రోగ్రాములు వ్రాయువారు వాడు ఇంటెల్లిజే అను సాధనమునందు, ఇంతకుముందు చూచిన పంక్తికి మరల గొనిపోవును. ఇంటెల్ చిత్రభాగము గల కొన్ని యంత్రములలో ఇదియే తెరను అడ్డముగా త్రిప్పివేసెడిది. నొక్కిన వ్రేళ్లు అవే. ఫలములు మాత్రము మూడు విధములు. సెట్టింగులు కూడ మూడుచోట్ల నుండును. ఒకచోట మార్చి, మార్పు కనబడలేదని విసుగుకొనువాడు రెండవ రామయ్యను మందలించి మూడవవానిని మఱచినవాడు.

రెండవ తెర చేరగానే చిక్కు పెరుగును. విండోస్ వ్యవస్థలో విండోస్ మీటను, పి మీటను కలిపి నొక్కినచో నాలుగు మార్గములు కానవచ్చును: మొదటి తెర మాత్రమే వెలుగుట, రెండింటను ఒకే చిత్రము కనబడుట, రెండును కలిసి ఒక విశాలమైన బల్లవలె నగుట, రెండవ తెర మాత్రమే వెలుగుట. వ్రేలు తప్పి నాలుగవది ఎన్నుకొనబడినచో వ్రాయువాని తెర నల్లబడును. యంత్రము చెడినదని వాడు కంగారుపడును. వ్రాయువాని పని వ్రాయువానికే కనబడవలసినచోట రెండవది పడినచో, ఒకరి చిరునామా, ఫోను సంఖ్య ఎదుట నిలిచిన వారందఱకును బయలుపడును. మొదటిది చిన్న కష్టము; రెండవది నిజమైన నష్టము.

మాటల తికమక వేఱొకటి. సెట్టింగుల పుటలో "విండోను ఎడమ తెరకు పంపుము" అనియు, "విండోను ఎడమ పనిచోటికి పంపుము" అనియు ప్రక్కప్రక్కన నుండును. తెర యనగా బల్లమీది వస్తువు. పనిచోటు అట్లుగాక, ఒకే యింటిలోని గదులవలె తెరవెనుక అమర్చబడిన భాగము. ఈ భేదమెఱుగక మార్చినచో కాగితము ప్రక్క తెరకు పోవుటకు బదులు కానరాని గదిలో చేరును. అది పోలేదు; ఉన్నది. విశాలమైన బల్ల మార్గములో ప్రక్క తెరకు జరిగిపోయినదానిని విండోస్, షిఫ్ట్ మీటలతో బాణపు మీటను నొక్కి మరల తెచ్చుకొనవచ్చును.

తెలుగు వ్రాయువారికి ఇంకొక చిక్కు కలదు. ఆల్ట్, షిఫ్ట్ మీటలు కలిసి నొక్కుకొన్నచో భాష మాఱిపోవుట కలదు. ప్రతి విండోకును వేఱు భాష నిలుపు సెట్టింగు ఒకటి యున్నది. అది పెట్టియున్నయెడల ఎడమ తెరయందు తెలుగును, కుడి తెరయందు ఆంగ్లమును నిలుచును. తీసివేసినయెడల ఒకచోటి మార్పు అన్నిచోట్లను వర్తించును. ఏది యున్నదో తెలియక వ్రాసినవాని చేతిలో పేరు చెడును.

నివారణోపాయములు కష్టమైనవి కావు. మనము మువ్వురు రామయ్యలను ఇంటిపేర్లతో వేఱుపఱచినట్లే, తగవుపడు కూర్పులలో ఒకదానికి మఱియొక మీటను చేర్చి వేఱుచేయవలెను. వాడనివానిని తీసివేయవలెను. మిగిలినవానిని చీటీపై వ్రాసి తెరక్రింద అంటింపవలెను. ప్రమాదకరమైన కూర్పు సులభముగా నుండరాదు. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. కంప్యూటరుకు డేవిడ్ బ్రాడ్లీ అను నింజనీరు, యంత్రమును తిరిగి మొదలుపెట్టుటకు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలను ఏర్పఱచెను. అవి దూరదూరముగా నున్నందున పొరపాటున నొక్కబడవని అతని యుద్దేశము. ఇక తెర యమరికను విండోస్ సెట్టింగులలో మార్చినచో, స్థిరపఱచుమని మనము చెప్పనియెడల 15 సెకండ్లలో పూర్వస్థితికి వచ్చును. అంతవఱకు ఏ మీటయు నొక్కక ఓర్చియుండుటయే మేలు.

పెద్దలు చేయవలసినదియు నొకటి కలదు. తెర నల్లబడినప్పుడు ఎదుటి పిల్లవానిపై కోపపడకుడు. తొందరపెట్టిన చేయి మఱి రెండు మీటలను తప్పుగా నొక్కును. కాని మీవైపు తెర వెలుగకున్నచో సమ్మతి తెలుపవలదు. "నాయనా, నా తెర వెలిగింపుము, చూచుకొందును" అని నెమ్మదిగా నడుగుడు. మీ పేరును తెలుగునను ఆంగ్లమునను అక్షరమక్షరము చదువుడు. చదువలేనివారికి చదివి వినిపింపుడు. పేరులో నొక్క యక్షరము తప్పినను దానిని దిద్దించుకొనుటకు ఎన్ని దినములు తిరుగవలెనో మీరెఱుగుదురు. ఆ రెండవ తెర మీకొఱకే పెట్టబడినది.