సంస్థ చేతులు మారితే: ఖరగ్‌పూర్ నుంచి ఒక పరిశీలన

సంస్థలు విలీనమయ్యాక ఉద్యోగికి వచ్చే కోపం జీతం పోయినందుకేనని మీరు అనుకుంటున్నారా? తనను లెక్కలోకి తీసుకోలేదన్న బాధ అందులో ఎక్కువ. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌నే చూడండి.

1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడి వర్క్‌షాపులో వెయ్యిమందికి పైగా కార్మికులను మిగులు సిబ్బందిగా తేల్చింది. సెప్టెంబరులో మిగతావారూ పని ఆపేశారు. కంపెనీ లాకౌట్ ప్రకటించింది. అది డిసెంబరు దాకా సాగింది. తమ పేరు జాబితాలో లేనివాళ్లు కూడా జీతం వదులుకున్నారన్నది గమనించండి. ఈ కార్మికులకు అండగా నిలిచిన వి.వి.గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ఆ రైల్వేను 1944లో ప్రభుత్వం తీసుకుంది. 1952లో తూర్పు రైల్వేలో కలిపి, 1955లో ఆగ్నేయ రైల్వేగా విడదీశారు. పదకొండేళ్లలో మూడుసార్లు బోర్డు మారిందన్నమాట!

ఇలా యజమాని మారితే కార్మికుడి గతేమిటి? 1954లో ప్రభుత్వం తీసుకున్న బార్సీ లైట్ రైల్వే వ్యవహారంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. నడుస్తున్న సంస్థలో మిగులు సిబ్బందిని తీసేస్తేనే అది రిట్రెంచ్‌మెంట్ అని 1956లో కోర్టు చెప్పింది. అంటే వీరికి పరిహారం లేదు. 1957లో పార్లమెంటు చట్టం సవరించింది. సర్వీసు తెగకుండా, షరతులు తగ్గకుండా కొత్త యజమాని కొనసాగించకపోతే, నిండిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలంది. కాబట్టి విలీనం కాగితాలు మీ చేతికి వస్తే, ముందుగా పాత సర్వీసు లెక్క ఎక్కడుందో వెతకండి.