కఠినజలము – యంత్రములు – మన బోరుబావులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



నల్లగండ్ల గృహిణులందరు ఎరిగిన విషయముతో ఈ ప్రసంగమును ప్రారంభించుట ఉచితము. బోరునీరు కాచిన గిన్నె అడుగున కొన్నాళ్లకు తెల్లని పెచ్చు కట్టును. అది ఎక్కడినుండి వచ్చినది? వాననీరు నేలలో ఇంకునపుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొనును. ఆ స్వల్పమైన పులుపే ఈ పీఠభూమి గ్రానైటు శిలలను అరగదీసి సున్నము, మెగ్నీషియము, సిలికా మున్నగువానిని కరగించి తెచ్చుచున్నది. నీరు కాగినపుడు వాయువు వెడలిపోవును. సున్నము నిలువలేక కాల్షియం కార్బొనేటుగా అడుగంటును. చక్కెర వేడినీట ఎక్కువ కరగును; ఈ సున్నము వేడినీట తక్కువ కరగును. చిక్కంతయు ఇందే యున్నది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఈ ప్రాంతమున లేచిన మహాభవనములలో పెక్కు చల్లదనమునకు కూలింగ్ టవర్లపై ఆధారపడుచున్నవి. అందు పైనుండి జారు నీటిలో కొంత ఆవిరియై, మిగిలినదానిని చల్లబరచును. ఆవిరియైనది శుద్ధజలము, లవణము వెనుకనే నిలుచును. నీటికి ఖర్చు వ్రాయబడుచుండగా లవణమునకు జమయే పడుచుండును. తుదకు గొట్టములలో పెచ్చు పేరుకొని వేడిని పోనీయదు. విద్యుత్తు వృథాగా వ్యయమగును.

దీనికి పరిహారములు రెండు. ఒకటి, చిక్కబడిన నీటిని కొంత పారబోసి క్రొత్తనీరు చేర్చుట. రెండవది, పెచ్చును అడ్డు ద్రవ్యములను కలుపుట. పాలీఫాస్ఫేట్లు, ఫాస్ఫొనేట్లు, పాలీఆక్రిలేట్లు అట్టివి. ఇవి సున్నమును తొలగింపవు. లీటరునకు కొన్ని మిల్లీగ్రాములున్నను, అప్పుడే పుట్టుచున్న స్ఫటికపు అంచుల నంటుకొని దానిని పెరుగనీయవు.

ఇక లెక్క చూడుడు. నూరు బిందెల నీరు ఆవిరియగుచున్నదనుకొందము. లవణము అయిదింతలు చిక్కబడువరకు నీటిని త్రిప్పగలిగినచో, పారబోయవలసినది 25 బిందెలు. బావినుండి తీయునది 125. మందు పనిచేయక రెండింతలకే ఆపవలసివచ్చినచో, పారబోయునది 100, తీయునది 200. ఆ 75 బిందెల భేదమును భరించునది మన భూగర్భజలమే.

అయితే మందు ఏల పనిచేయదు? నీటిలో కరగిన ఖనిజములే దానికి ప్రతికూలము కావచ్చును. సున్నము మితిమీరినచో ఫాస్ఫొనేటు దానితోనే కలిసి కరగని లవణమై తానే మడ్డిగా మారును. అపుడు మోతాదు హెచ్చించుట అగ్నిలో నేయి పోయుటయే. తుప్పుపట్టిన గొట్టములనుండి వచ్చిన ఇనుము మందును పట్టుకొని సున్నము జోలికి పోనీయదు. సున్నపు పెచ్చును ఆపు మందు సిలికాను ఆపలేదు. అది గట్టి గాజుపొరవలె అంటినచో తీయుట మిక్కిలి కష్టము. పాలీఫాస్ఫేటు వేడికి విరిగి సామాన్య ఫాస్ఫేటు కాగా, అది సున్నముతో చేరి వేరొక పెచ్చు కట్టును. శుద్ధిచేసిన మురుగునీటిని వాడుట మెచ్చదగినదే గాని, అందు ముందే యున్న ఫాస్ఫేటును లెక్కలోనికి తీసికొనక తప్పదు. మెగ్నీషియము మాత్రము ఒక మేరకు సున్నపు స్ఫటికముల పెరుగుదలను తానే మందగింపజేయును. శత్రువుల గుంపులో ఒక మిత్రుడున్నట్లే!

కావున ఒక బావినీటికి కుదిరిన మందు ప్రక్క బావినీటికి కుదురవలెనను నియమము లేదు. రోగిని చూడక ఔషధమిచ్చు వైద్యుని ఎవరును మెచ్చరు. కాల్షియము, క్షారత, ఇనుము, సిలికా పరీక్షించి, ఋతువు మారినపుడు మరల పరీక్షించి, ఆ పిదపనే మందును నిర్ణయింపవలెను.

పారబోసిన నీరును మరువరాదు. అందలి భాస్వరము చెరువు చేరినచో గుఱ్ఱపుడెక్కకును, పాచికిని ఎరువగును. అద్దాల మేడలోని చల్లదనమునకును, మన చెరువునకును ఉన్న సంబంధము ఇట్టిది. తన యింటి నీటిలో ఏమున్నదో ప్రతివాడును తెలిసికొనగోరుట నాగరకతకు తొలిమెట్టు. అట్టి జిజ్ఞాసను పెంచుటకే గదా గ్రంథాలయములు వెలసినవి!