పని ముగిసినా విలువ ముగియదు



విశాఖపట్నం బీచ్ రోడ్డులో టీయూ-142 అనే పెద్ద విమానం నిలిచి ఉన్నది. 1988లో మన నౌకాదళంలో చేరి, 29 ఏళ్లు సముద్రంపై కాపలా కాసింది. దాదాపు 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరింది. 2017లో దాని సేవ ముగిసినప్పుడు తుక్కు కింద పారవేయలేదు. అదే సంవత్సరం మ్యూజియంగా మార్చారు. జనులు టికెట్టు కొని, లోపలికెక్కి చూస్తారు.

సేవ ముగించినవారు మన నిజామాబాదు జిల్లాలోనూ ఉన్నారు. 1937లో స్థాపించబడిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు రసం చక్కెరగా మారే పని తెలిసిన కార్మికులు కొందరు మన సంఘాల్లోనే వెనుక వరుసలో కూర్చుంటారు. వారిని పలకరించేవారెవరు?

ప్రియులారా, ఇనుముకిచ్చిన గౌరవం మనిషికి ఇవ్వలేమా? జీతం ఆగిన రోజున మనిషి విలువ ఆగిపోదు. తల నెరిసినవారిని దేవుడు విడువడని యెషయా 46వ అధ్యాయం చెబుతున్నది. ఆయన విడువనివారిని మనము మరువవచ్చునా?

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక త్వరపడి వెళ్లకండి. మీ పిల్లలను వెంటబెట్టుకొని అటువంటి ఒకరి పక్కన కూర్చోండి. "పెద్దయ్యా, మీరు చేసిన పని గురించి చెప్పండి" అని అడగండి.

ప్రభువు ఈ మాటలను దీవించును గాక. ఆమేన్.